జొహానెస్‌బర్గ్ వ్యాన్ టూర్: జైలుకి ఐదు స్టార్లు, వ్యాన్‌కి రెండు

మా అత్తమ్మ ఈ ఏప్రిల్‌లో జమ్మలమడుగు నుంచి జొహానెస్‌బర్గ్ వచ్చింది. అరవై నాలుగేళ్లకి మొదటి పాస్‌పోర్టు, మొదటి విమానం. నాకు అత్తగారే కాదు, సొంత మేనత్త కూడా, కాబట్టి మా మధ్య 'మీరు', 'గారు' లాంటివి లేవు. వచ్చిన రెండు వారాలూ ఇంటిపట్టునే ఉంది. మేముండే కాంప్లెక్స్ చుట్టూ ఎత్తు గోడ, దాని మీద కరెంటు తీగలు, గేటు దగ్గర వేలిముద్ర మిషన్. నలభై ఏళ్లు అంట్లు తోమి, బట్టలుతికి అరిగిపోయిన ఆమె వేళ్లు ఆ మిషన్‌కి అస్సలు ఆనవు. బయటికి పోవాలంటే సెక్యూరిటీ అబ్బాయి లేచొచ్చి గేటు తీయాల్సిందే.

"యాడికన్నా తీసకపో పాపా, కోళ్లగూట్లో పెట్టినట్టుండాది" అంది ఒకరోజు.

అలా బుక్ చేశాను ఈ టూర్. కంపెనీ పేరు రాయను, ఇలాంటి వ్యాన్లు ఈ ఊళ్లో బోలెడు. 'ఇండియన్ స్పెషల్ ఫ్రీడమ్ టూర్' అని దాని పేరు. తలకి 1,450 ర్యాండ్లు, భోజనంతో కలిపి. పొద్దున కాన్‌స్టిట్యూషన్ హిల్ (పాత జైలున్న కొండ), మధ్యాహ్నం సొవెటో (ఊరి అంచున నల్లజాతివాళ్ల పేట), సాయంత్రం అపార్తైడ్ మ్యూజియం, అంటే ఇక్కడి జాతివివక్ష పాలన గురించినది. ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తే ఎక్కడికి తీసుకెళ్లాలి అని ఇక్కడి మనవాళ్లు నన్ను అడుగుతూనే ఉంటారు. వాళ్ల కోసమే ఇదంతా రాస్తున్నాను.

ముందు వ్యాన్ సంగతి. ఎనిమిదిన్నరకి వస్తామన్నవాళ్లు తొమ్మిదీ పదికి వచ్చారు. పదకొండు మందిమి. ఏసీ ఉంది, వెనక సీట్ల దాకా రాదు. నడిపే ఆయనే గైడు కూడా. మంచివాడే, నవ్విస్తాడు. కానీ చెప్పిన కథ మాత్రం రిలే పందెంలా ఉంది: గాంధీ స్వేచ్ఛ అనే కర్ర పట్టుకుని ఇక్కడ పరుగు మొదలుపెట్టాడు, మండేలాకి అందించాడు, మండేలా గీత దాటాడు, అందరూ చప్పట్లు కొట్టారు. ఇండియన్లకి ఇలా చెబితే నచ్చుతుందని ఎవరో ఆయనకి నేర్పినట్టుంది. టైమ్ కూడా ఆ లెక్కనే పంచారు. గాంధీ ఎగ్జిబిషన్‌కి నలభై నిమిషాలు, ఆడవాళ్ల జైలుకి పది. నా రెండు స్టార్లకి కారణం ఏసీ కాదు, ఇది.

కొండ మీద జైలు మాత్రం వేరే లోకం. 1890ల్లో కట్టిన జైలు, దాని చుట్టూ అప్పటి ఇక్కడి అధ్యక్షుడు పాల్ క్రూగర్ ప్రభుత్వం లేపిన కోట. 1983లో మూసేసేదాకా ఇందులో జనాన్ని పెడుతూనే ఉన్నారు. తెల్లవాళ్లు కోట లోపలి జైల్లో, నల్లజాతి మగవాళ్లు పక్కనే 'నంబర్ ఫోర్' అనే బ్లాకులో, ఆడవాళ్లు ఇంకో భవనంలో. లోపల అక్కడి సొంత గైడు మనల్ని తిప్పుతుంది. మాకు వచ్చినమ్మాయికి పాతికేళ్లుంటాయి. ఆమెకి ఐదు కాదు, ఆరు స్టార్లు ఇస్తాను.

నంబర్ ఫోర్‌లో తిండి పట్టిక ఒకటి ఉంది. ఏ జాతి ఖైదీకి రోజుకి ఏం పెట్టాలో రాసిన బోర్డు. తెల్లవాళ్ల తిండి వేరు, ఇండియన్లది, 'కలర్డ్' అని పిలిచే మిశ్రమ జాతి వాళ్లది వేరు, నల్లవాళ్లది వేరు. జైల్లో కూడా ఎవరు ఎంత మనిషో తూకం వేసి పెట్టారన్నమాట. తిండి తినే చోటికి ఎదురుగానే తలుపుల్లేని మరుగుదొడ్లు. దుప్పట్లు మడిచి, చుట్టి చేసిన బొమ్మలు కూడా కొన్ని పెట్టారు. ఖైదీలు ఇలాంటివి చేసి తనిఖీకి వచ్చే వార్డర్లకి చూపించేవాళ్లట. అత్తమ్మ వాటి దగ్గర చాలాసేపు ఆగింది. "మన పెండ్లిండ్లలో తువాలతో హంస చేస్తారే, అట్ల" అంది. అని గమ్మునుండిపోయింది.

గాంధీ గది కూడా అక్కడే. వ్యాన్‌లో వచ్చినవాళ్లంతా సెల్ఫీలకి ఎగబడ్డారు. నేను గోడల మీద రాసినవి చదివి అత్తమ్మకి తెలుగులో చెబుతున్నాను. 1906లో ట్రాన్స్‌వాల్ (జొహానెస్‌బర్గ్ ఉన్న ప్రాంతం) ప్రభుత్వం ఆసియావాళ్లంతా రిజిస్టర్ చేయించుకోవాలి, వేలిముద్రలు ఇవ్వాలి, అడిగినప్పుడు కాగితం చూపించాలి అని చట్టం పెట్టబోయింది. ఆ సెప్టెంబరు 11న ఈ ఊళ్లోనే ఎంపైర్ థియేటర్‌లో ఇండియన్లు సభ పెట్టి లొంగేది లేదని ప్రమాణం చేశారు. 1908 జనవరిలో గాంధీని ఇక్కడికి తెచ్చి పడేశారు. ఆయనతోపాటు తంబి నాయుడు కూడా జైలుకొచ్చాడు.

"నాయుడా? మనోడేనా?"

మారిషస్‌లో పుట్టాడు, తమిళం మాట్లాడేవాడు, తెలుగు కూడా కొంత వచ్చు, అక్షరాలు మాత్రం రావు. గాంధీయే రాశాడు ఈ మాట. "మీ తాత మాదిరే" అంది. ఆమె దృష్టిలో నాయుడి మీద కేసు అక్కడితో తేలిపోయింది.

ఇక్కడే గైడమ్మాయి మా వ్యాన్ కథ పాడుచేసింది. ఆ మొదటిసారి జైల్లో తమని నల్లజాతి ఖైదీలతో కలిపి పెట్టినందుకు గాంధీ నొచ్చుకున్నాడు. తెల్లవాళ్లతో పెట్టకపోతే సరే, వీళ్లతో సమానం చేయడం ఎలా భరిస్తాం అన్న అర్థం వచ్చేలా తన పత్రికలో రాసుకున్నాడు కూడా. ఆ అమ్మాయి ఇదంతా కోపం లేకుండా, బస్సు టైమింగ్స్ చెప్పినట్టు చెప్పింది. సెల్ఫీలు దిగేవాళ్లు ఆగారు. హైదరాబాద్ నుంచి వచ్చిన ఒక పెద్దాయన ఇది అబద్ధం, కుట్ర అని మొదలుపెట్టాడు. ఆమె ఆయనతో వాదించలేదు. "అప్పుడాయనకి ముప్పై ఎనిమిదేళ్లు, అక్కడే ఆగిపోలేదు కదా" అని మాత్రం అని ముందుకి నడిచింది.

"ఆయప్ప కూడా అట్లన్న్యాడా" అని అత్తమ్మ నన్ను రెండుసార్లు అడిగింది. అన్నాడు. తన స్వేచ్ఛ అంటే ఆ రోజున ఆయనకి ఇండియన్ల పరువు. గోడకి అవతల ఉన్నవాళ్ల స్వేచ్ఛ ఆ లెక్కలోకి ఇంకా రాలేదు. వ్యాన్‌లో చెప్పిన రిలే పందెం కంటే నాకు ఇదే ఎక్కువ నచ్చింది. పరుగు మొదలుపెట్టినవాడికి తానెటు పోతున్నాడో మొదటి రోజే తెలిసుంటే ఇన్నేళ్లు ఎందుకు పడుతుంది?

వేలిముద్రల కథ అక్కడితో అయిపోలేదు. మూడు వారాల్లో ట్రాన్స్‌వాల్ మంత్రి జనరల్ స్మట్స్‌తో రాజీ కుదిరి గాంధీ బయటికొచ్చాడు. మనంతట మనం ఇష్టపడి రిజిస్టర్ చేయించుకుందాం, అప్పుడు చట్టం ఎత్తేస్తారు అన్నది ఒప్పందం. మొన్నటిదాకా వేలిముద్ర వేస్తే పాపం అన్నవాడు ఇప్పుడు వేయమంటాడేమిటి అని కొందరికి మండింది. ఫిబ్రవరి 10న రిజిస్ట్రేషన్‌కి వెళుతుంటే మీర్ ఆలం అనే పఠాన్, అతని మనుషులు నడిరోడ్డు మీద కొట్టారు. గాంధీ దెబ్బలతో మంచంలో ఉండి, కాగితాలు అక్కడికే తెప్పించుకుని మరీ వేలిముద్రలు ఇచ్చాడు. బలవంతాన ఇస్తే బానిసత్వం, ఇష్టపడి ఇస్తే మర్యాద అని ఆయన వాదన. తర్వాత స్మట్స్ మాట తప్పాడని తేలింది. ఆగస్టు 16న హమీదియా మసీదు ముందు రెండు వేలకు పైగా సర్టిఫికెట్లు పెద్ద ఇనప కాగులో వేసి, కిరసనాయిలు పోసి తగలబెట్టారు.

అత్తమ్మ ఇదంతా విని తన కుడిచేతి వేళ్లు చూసుకుంది. మా మామ హైస్కూల్ టీచరు, పోయి తొమ్మిదేళ్లయింది. ఫ్యామిలీ పింఛన్ రావాలంటే బతికే ఉన్నానని ఏటా వేలిముద్ర వేయాలి. పైటకొంగుతో తుడుచుకుని, మళ్లీ పెట్టి, మళ్లీ తుడుచుకుని, నాలుగోసారికో ఐదోసారికో మిషన్ ఒప్పుకుంటుంది. అప్పటిదాకా ఆమె బతికున్నట్టు కాదు.

"ఇష్టంగా ఇస్తే తప్పులేదన్న్యాడు గదా ఆయప్ప. నేను పింఛన్ కోసం ఇస్తా. అది ఇష్టమా పాపా, బలవంతమా?"

నేను సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని. ఆఫీసులో 'ఐ అగ్రీ' బటన్ నొక్కితే పని చేస్తుందా లేదా అని రోజూ చూడటమే నా ఉద్యోగం. ఆ బటన్ పక్కన 'ఒప్పుకోను' అనే బటన్ నొక్కితే ఏమవుతుందో కూడా నాకు బాగా తెలుసు: ముందుకి పోనివ్వదు. అత్తమ్మకి జవాబు మాత్రం చెప్పలేకపోయాను. గైడమ్మాయికి ఇంగ్లిష్‌లో చెబితే ఆమె పడీపడీ నవ్వింది. ఆ తర్వాత తన అమ్మమ్మ పాస్ సంగతి చెప్పింది.

పాస్ అంటే నల్లజాతివాళ్లు పదహారేళ్లు దాటితే ఎప్పుడూ దగ్గర పెట్టుకోవాల్సిన పుస్తకం. ఎక్కడ పనిచేస్తున్నారో, ఊళ్లో ఉండే హక్కు ఉందో లేదో అందులో ఉంటుంది. పోలీసు అడిగినప్పుడు లేకపోతే జైలే. మొదట్లో మగవాళ్లకే ఉండేది. 1950ల్లో ఆడవాళ్లకీ మొదలుపెట్టారు. 1956 ఆగస్టు 9న సుమారు ఇరవై వేల మంది ఆడవాళ్లు ప్రిటోరియాలో ప్రభుత్వ భవనం ముందు అరగంట సేపు కిక్కురుమనకుండా నిలబడ్డారు. 1958లో పాసులకి ఎదురు తిరిగి వందల మంది అరెస్టయితే వాళ్లలో ఉద్యమ నాయకురాలు ఆల్బర్టినా సిసులు ఉంది, కడుపుతో ఉన్న మండేలా భార్య విన్నీ ఉంది. ఈ పాస్ చట్టాలు 1986 దాకా నడిచాయి. అంటే నేను పుట్టిన ఏడాది దాకా. గైడమ్మాయి అమ్మమ్మ రొట్టె కొనడానికని వీధి చివరికి పోయి, పాస్ ఇంట్లో మర్చిపోయిన పాపానికి ఈ ఆడవాళ్ల జైల్లోనే పది రోజులు ఉందట. ముసలయ్యాక కూడా స్నానాల గదికి పోతూ ఐడీ కార్డు ఎక్కడుందో చూసుకునేదట.

అత్తమ్మ రొండిన దోపుకున్న గుడ్డసంచి ఒకసారి తడుముకుంది. అందులో పాస్‌పోర్టు ఉంది. ఇంట్లో పెట్టిరమ్మని నేను నెత్తీనోరూ కొట్టుకున్నా వినలేదు. నా కారు డ్యాష్‌బోర్డులో వర్క్ పర్మిట్ కాపీ ఎప్పుడూ ఉంటుంది, ఆ మాట ఆమెకి చెప్పలేదు.

ఆడవాళ్ల జైలుకి మాకు పది నిమిషాలు. ఎర్ర ఇటుకలతో, మధ్యలో గుండ్రటి హాలుతో, బయటినుంచి చూస్తే మిషన్ హాస్పిటల్ అనుకుంటారు. ఇప్పుడు ఆ ఆవరణలోనే జెండర్ ఈక్వాలిటీ కమిషన్ ఆఫీసు పెట్టారు. ఇక్కడికి వచ్చినవాళ్లలో రాజకీయాలతో సంబంధం లేనివాళ్లే ఎక్కువ. పాస్ లేనివాళ్లు, ఇంట్లో బీరు కాచినవాళ్లు. జొన్నలతో కాచే పులిసిన బీరు. నల్లవాళ్లు ఇంట్లో కాస్తే నేరం. తాగాలంటే మునిసిపాలిటీ నడిపే బీర్ హాళ్లలోనే తాగాలి. ఆ డబ్బు మునిసిపాలిటీకి పోతుంది. 1959 జూన్‌లో డర్బన్ దగ్గర కేటో మేనర్‌లో ఆడవాళ్లు కర్రలు పట్టుకుని ఆ బీర్ హాళ్ల మీద పడ్డారు. లోపల తాగుతున్న మొగుళ్లని కూడా వదల్లేదు.

ఇది చెప్పగానే అత్తమ్మ మొహం వెలిగిపోయింది. "మన నెల్లూరోళ్లు చేసినట్టేగదా!" దూబగుంట. అక్కడి ఆడవాళ్లు సారా దుకాణం మూయించాక 1992లో అది జిల్లా జిల్లాకీ పాకింది. మా ఊళ్లో కూడా సారా ప్యాకెట్లు రోడ్డు మీద పోసి తొక్కారు. అప్పుడు అత్తమ్మకి ముప్పై పైన, చంకలో మా ఆయన. టీచరుగారి పెళ్లాం రోడ్డెక్కడమేంటని మామ వద్దన్నా కొంగు బిగించుకుని పోయిందట. ఆ మరుసటేడు సారా నిషేధం వచ్చింది.

నేను మొదట ఇవి రెండూ ఒకదానికొకటి ఎదురనుకున్నాను. ఇక్కడ ఆడవాళ్లు బీరు కాచుకునే హక్కు కోసం, అక్కడ మనవాళ్లు సారా మూయించడం కోసం. అత్తమ్మ ఒప్పుకోలేదు. "రెండూ ఒగటే. మొగోని కూలి ఇంటికి రాకుండా గవుర్మెంటు అంగట్లో పోతాండాది. ఈడా అంతే, ఆడా అంతే." స్వేచ్ఛ అనే మాట ఆమె ఎక్కడా వాడలేదు. వారం చివర చేతికి కూలి డబ్బు రావడం గురించే మాట్లాడింది. మా మాటలు నేను అనువదిస్తుంటే గైడమ్మాయి ఫోన్ తీసి దూబగుంట స్పెల్లింగ్ రాసుకుంది. ఇంతలో మా డ్రైవర్ వచ్చి గడియారం చూపించాడు.

కోర్టు కూడా ఈ కొండ మీదే. దేశం మొత్తానికీ రాజ్యాంగ కోర్టు, విచారణలో ఉన్న ఖైదీల బ్లాకు కూలగొట్టి ఆ ఇటుకలతో కట్టారు. 2004లో తెరిచారు. పెద్ద చెక్క తలుపుల మీద రాజ్యాంగంలోని 27 హక్కులు చెక్కి ఉంటాయి. లోపల పదకొండు మంది జడ్జీలు కూర్చునే బల్లకి ముందు ఆవు చర్మాలు, ఏ రెండూ ఒక్కలా ఉండవు. వాళ్ల వెనక గోడకి పొడుగ్గా ఒక అద్దపు చీలిక, దాంట్లోంచి బయట నడిచే జనం కాళ్లు మాత్రం కనిపిస్తాయి. అత్తమ్మ తలుపు దగ్గరే చెప్పులు విప్పేసింది. అక్కర్లేదని చెప్పినా వినకుండా చేత్తో పట్టుకుని లోపలికొచ్చింది.

ఆ కాసేపట్లో నేను ఫోన్‌లో రాజ్యాంగం తీసి రెండు ముక్కలు చదివి వినిపించాను. ఒకటి 12వ సెక్షన్: హింస ప్రభుత్వం నుంచి వచ్చినా, ప్రైవేటు మనుషుల నుంచి వచ్చినా దాని నుంచి విముక్తి ప్రతి ఒక్కరి హక్కు. అంటే వార్డర్ కొట్టినా, మొగుడు కొట్టినా స్వేచ్ఛ పోయినట్టే లెక్క. 1908లో కాగితం దగ్గర మొదలైంది 1996లో ఈ రాజ్యాంగం నాటికి వంటింటి దాకా వచ్చిందన్నమాట. రాజ్యాంగం చదివి నాకు ఒళ్లు పులకరించిన సందర్భాలు లేవు, ఇదొక్కటి తప్ప. రెండోది 6వ సెక్షన్. ఈ దేశంలో జనం మాట్లాడే భాషల్ని పెంచాలి, గౌరవించాలి అంటూ అందులో కొన్ని పేర్లు ఉంటాయి. తమిళం పక్కనే తెలుగు కూడా ఉంది. 1860లో మద్రాసు నుంచి మొదటి ఓడ ఎక్కి నటాల్ చెరుకు తోటలకి కూలికొచ్చినవాళ్ల పుణ్యం అది.

"అయితే ఈడ తెలుగులో మాట్లాడొచ్చా?" అని అత్తమ్మ గట్టిగానే అడిగింది, కోర్టు హాల్లో. మాట్లాడొచ్చు, కానీ ఎవరికీ అర్థం కాదు అన్నాను.

సొవెటో గురించి తొందరగా చెప్పేస్తాను, ఎందుకంటే మమ్మల్ని కూడా తొందరగానే తిప్పారు. విలకాజీ వీధిలో మండేలా పాత ఇల్లు బయటినుంచి. హెక్టర్ పీటర్సన్ స్మారకం పదిహేను నిమిషాలు. 1976 జూన్ 16న లెక్కలు, సోషల్ లాంటివి ఆఫ్రికాన్స్‌లో చదవం అని బళ్లలోంచి పిల్లలు ఊరేగింపుగా వస్తే పోలీసులు కాల్చారు. అప్పుడు పోయిన పిల్లల్లో ఒకడు ఈ హెక్టర్. మా పాప ఇక్కడి బళ్లో సెకండ్ లాంగ్వేజ్‌గా ఆఫ్రికాన్సే తీసుకుంది, జూలూ కన్నా ఈజీ అని. ఎవరూ బలవంతపెట్టలేదు. తెలుగు మాత్రం చదవడం రాదు, దానికీ ఎవరూ బలవంతపెట్టలేదు.

భోజనం బాగుంది, దీనికి మాత్రం నాలుగు స్టార్లు. పాప్ అని తెల్ల మొక్కజొన్న పిండితో గట్టిగా కెలికినది, మొరోగో అని ఆకుకూర, చకలాకా అని బీన్స్, క్యారెట్‌తో కారంగా చేసిన కూర. శాకాహారులు ముందే చెప్పండి, కొన్ని చోట్ల కూరలో మాంసం వేస్తారు. అత్తమ్మ పాప్‌ని ముద్ద చేసి, మధ్యలో బొటనవేలితో గుంట పెట్టి, చకలాకా అద్దుకుని మింగింది. "సంగటే ఇది. ఇది తోటకూర." బ్యాగులోంచి స్టీలు డబ్బా తీసి మా సీమ పచ్చడి ఊరిబిండి వేసుకుంది. పక్క టేబుల్ వాళ్లకి కూడా పెట్టింది. ఇదే మొక్కజొన్న జావ పడటం లేదని జైల్లో గాంధీవాళ్లు అర్జీ పెట్టుకున్నారని చెబితే, "ఊరిబిండి లేకుంటే యాడ పడతాది" అని ఆయన్ని అక్కడికక్కడే క్షమించేసింది. రెండోసారి పాప్ అడిగి వేయించుకుంది.

మ్యూజియంలో టికెట్ మీద 'తెల్ల', 'తెల్లేతర' అని ఎలా పడితే అలా వేసి ఇస్తారు, గేట్లు కూడా వేరువేరు. అత్తమ్మకి తెల్ల టికెట్ వచ్చింది, నాకు రెండోది. నన్నొదిలి ఆ గేటులోంచి పోనని మొండికేసింది. లోపలికి వెళ్లాక కలుస్తామని ఎంత చెప్పినా వినకపోతే చివరికి టికెట్లు మార్చుకుని, నేను తెల్లదాన్నై వెళ్లాను. మ్యూజియం మూసేసే టైమ్ అయిపోవడంతో మిగతాది సగమే చూశాం. పెద్దవాళ్లతో వస్తే దీనికి వేరే రోజు పెట్టుకోండి, ఒకే రోజులో మూడూ వద్దు.

నా సలహా ఏంటంటే, వ్యాన్ వద్దు. ట్యాక్సీలో నేరుగా కొండకి వెళ్లండి, అక్కడి గైడు టూర్ తీసుకోండి, సగం రోజు దానికే ఇవ్వండి. రాళ్లు పరిచిన దారి, మెట్లు ఎక్కువ, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు మంచి చెప్పులు వేసుకోవాలి. ఎండ గట్టిగా ఉంటుంది, నీళ్ల సీసా మర్చిపోవద్దు.

ఇంటికొచ్చేసరికి ఏడయింది. గేటు దగ్గర అత్తమ్మ పైటకొంగుతో వేలు తుడుచుకుని మిషన్ మీద పెట్టింది. ఎర్ర లైటు. మళ్లీ తుడుచుకుంది. ఎర్ర లైటు. సెక్యూరిటీ అబ్బాయి నవ్వుతూ లేచి వచ్చాడు. ఆమె చేత్తోనే ఆగమని, ఇంకోసారి పెట్టింది.

వచ్చే శనివారం మళ్లీ పోవాలంటోంది, ఆడవాళ్ల జైలుకి మాత్రమే. ఆ గైడు పిల్లకి ఊరిబిండి డబ్బా ఒకటి వేరుగా కట్టమంది.